చామనచాయ పెన్సిలు ఏ పెట్టెలో ఉన్నది?

గోదావరి జిల్లాల్లో ఏ పల్లెకు వెళ్లినా, ఏ ఇంటి గడప దాటినా ఎదురుగోడ మీద పెద్దల పటాలు కనబడతాయి. తాతలు, మామ్మలు, అకాలంగా పోయిన కొడుకులు, కూతుళ్లు ఆ పటాల్లో ఉంటారు. పండగనాడు పటానికి దండ మారుతుంది. ఇంట్లో పెళ్లి కుదిరితే శుభలేఖ ముందు అక్కడే పెడతారు. ఆ పటం ఇంటికి అలంకారం కాదు. అది ఇంటి మనిషి. అందులోని ముఖం పోయినవారి ముఖంలా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. కాని ఈ రోజుల్లో చాలా ఇళ్లలో అలా ఉండడం లేదు.

పెద్దకర్మ నాటికి పటం కావాలి. ఇల్లంతా వెతికితే దొరికేది ఆధారు కార్డు మీద బొటనవేలి గోరంత ఫొటో. లేకపోతే ఎవరి పెళ్లిలోనో గుంపులో వెనక వరుసలో నిలబడ్డ ఫొటో. దాన్ని పట్టుకొని మండల కేంద్రంలోని స్టూడియోకు పరుగెత్తుతారు. అక్కడ కంప్యూటరులో తల ఒకచోటి నుంచి, భుజాలు మరొకచోటి నుంచి తెచ్చి అతికిస్తారు. జన్మలో కోటు ఎరుగని రైతుకు కోటు వస్తుంది. ఎండలో నాట్లు వేసి, కోతలు కోసి నల్లబడ్డ మామ్మ ముఖం గంధం పూసినట్టు తెల్లబడుతుంది. పటం గోడకెక్కుతుంది. అందరూ దణ్ణం పెడతారు. "బాగుంది గాని, అచ్చం ఆవిడలా లేదు" అని ఎవరో ఒకరు మెల్లిగా అంటారు.

అటువంటి ఒక ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉన్నదనుకోండి. స్టూడియో పటం ఆ పిల్లకు నచ్చలేదు. తన రంగు పెన్సిళ్ల పెట్టె తీసి, ఆధారు ఫొటోను సెల్‌ఫోనులో పెద్దది చేసుకొని, వారం రోజులు కూర్చొని మామ్మ బొమ్మ వేసింది. తల్లికి చూపించింది. "ముక్కూ కళ్లూ మీ మామ్మవేనే. మనిషి మాత్రం మామ్మ కాదు. ఆవిడ ఇంత ఎర్రగా ఎక్కడుండేది?" అన్నది తల్లి. "పెట్టెలో స్కిన్ కలరు ఇదేనమ్మా" అన్నది పిల్ల. ఆలోచించవలసిన విషయమంతా ఆ జవాబులోనే ఉన్నది.

ముచ్చట మంచిదే

ఫొటో చూసి రంగు పెన్సిళ్లతో ముఖాలు వేయడం కొన్నేళ్లుగా పల్లెల్లో యువతీ యువకులకు బాగా పట్టుబడింది. సెల్‌ఫోనులో వీడియోలు చూసి నేర్చుకునేవారున్నారు. సినిమా తారల ముఖాలు, నాయకుల ముఖాలు, ఇంట్లో పెద్దల ముఖాలు వేసి స్నేహితులకు పంపుకుంటున్నారు. కొందరు పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు బొమ్మలు వేసిచ్చి నాలుగు డబ్బులు కూడా సంపాదిస్తున్నారు. ఇది ఎంతైనా సంతోషించదగిన విషయం.

పల్లెటూరి విద్యార్థికి రంగు పెన్సిలంత అనువైన సాధనం మరొకటి లేదు. తైలవర్ణాలకు కాన్వాసు కావాలి, టర్పెంటైను కావాలి, ఆరబెట్టడానికి రోజులు కావాలి. నీటిరంగులకు మంచి కాగితం కావాలి, ఒక్క చుక్క ఎక్కువైతే బొమ్మ పాడవుతుంది. పెన్సిలుకు నీళ్లక్కరలేదు, కుంచె అక్కరలేదు. గేదెకు గడ్డి వేయడానికి మధ్యలో లేచినా బొమ్మ చెడిపోదు. తిరిగివచ్చి ఆపినచోటే మొదలుపెట్టవచ్చు. చెక్క లోపల ఉండేది రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే మైనమో నూనో, కొంత సుద్దలాంటి పదార్థం, కొంత జిగురు. అంతకు మించి మాయ ఏమీ లేదు.

రంగు పెన్సిలు నిదానమైన సాధనం. అరఠావు కాగితం మీద ఒక ముఖం పూర్తిచేయడానికి కొత్తగా నేర్చుకునేవారికి ఇరవై గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. దీన్ని లోపంగా భావించరాదు. సొంత తల్లి ముఖమైనా సరే, ఇరవై గంటలు కన్నార్పకుండా చూసినవారు ఎందరు? అలా చూసేటట్టు చేయడమే ఈ విద్యలోని గొప్ప.

అయితే నేర్చుకునేవారిలో రెండు పొరపాట్లు కనబడుతున్నాయి. ఒకటి, పెట్టె మీద గుడ్డినమ్మకం. రెండు, ఫొటో మీద గుడ్డినమ్మకం. ఈ రెండూ కలిసి పిల్లల చేత సొంత మనుషుల రంగును చెరిపిస్తున్నాయి.

పెట్టె చెప్పే అబద్ధం

బజారులో దొరికే పన్నెండు, ఇరవైనాలుగు పెన్సిళ్ల పెట్టెల్లో చాలావాటిలో లేత గులాబీకి, లేత నారింజకు మధ్యగా ఒక పెన్సిలు ఉంటుంది. దానికి పిల్లలు, పెద్దలు కూడా 'స్కిన్ కలరు' అని పేరు పెట్టుకున్నారు. "అమ్మ బొమ్మ వేయండి" అని తరగతిలో చెబితే నలభై మంది పిల్లలూ ఆ ఒక్క పెన్సిలే వెతుక్కుంటారు. తాము వేసేది ఎవరి చర్మం రంగు అని ఎవరూ అడగరు. ఆ తరగతిలో ఉన్న పిల్లల్లో గాని, బయట వారికోసం ఎదురుచూసే తల్లుల్లో గాని ఆ రంగు మనిషి ఒక్కరూ ఉండకపోవచ్చు.

ఈ తప్పు ఇక్కడ పుట్టినది కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ తన మైనపు రంగుల్లో ఒకదానికి చాలాకాలం 'ఫ్లెష్' అని, అంటే ఒంటి రంగు అని పేరు పెట్టి అమ్మింది. అందరి ఒంటి రంగూ ఒకటి కాదన్న సంగతి గుర్తించి 1962లో ఆ పేరు తీసివేసి 'పీచ్' అని మార్చింది. 2020లో అదే కంపెనీ మనుషుల ఒంటి ఛాయల కోసమే ఇరవైనాలుగు రంగుల పెట్టెను తెచ్చింది. అక్కడ అరవై ఏళ్లకు పూర్వమే తీసేసిన మాటను ఇక్కడి తరగతి గదుల్లో పిల్లలు ఇంకా పట్టుకొని ఉండడం విచారకరం.

ఒంటి రంగుల విషయంలో తెలుగు భాషకు పేదరికం లేదు. చామనచాయ అన్నారు. పసిమి ఛాయ అన్నారు. గోధుమ వన్నె, ఎరుపు, నలుపు, కారునలుపు అన్నారు. నలుపు నారాయణ మెచ్చు అని సామెత కట్టారు. తిరుమలలో నల్లరాతి మూర్తికి మొక్కుతారు. రాముణ్ణి నీలమేఘశ్యాముడంటారు. అటువంటి ఇంట్లోనే పెళ్లిచూపుల నాడు "పిల్ల కాస్త రంగు తక్కువ" అనే మాట వినబడుతుంది. రంగు తెల్లబరుస్తామనే క్రీముల వ్యాపారం దశాబ్దాల తరబడి సాగింది. వాటిలో పేరుమోసిన ఒక క్రీము 2020లో తన పేరులో నుంచి 'ఫెయిర్' అనే మాటను తొలగించుకున్నది. పేరు మారింది గాని, మనసులో మాట ఎంత మారిందో ఎవరికి వారే చెప్పుకోవాలి.

కాబట్టి పెన్సిలు పెట్టె సంగతిని చిన్న విషయమని కొట్టివేయరాదు. సొంత తల్లికి గులాబీ రంగు వేసే పిల్లవాడు తల్లి రంగు బొమ్మకు పనికిరాదని నేర్చుకుంటున్నాడు. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. ఏ ఉపాధ్యాయుడూ నోరు తెరిచి చెప్పలేదు. అయినా తలకెక్కుతున్నది.

ఫొటో చెప్పే అబద్ధం

ఫొటో ఉన్నదున్నట్టు చూపుతుందని సామాన్యంగా అందరి నమ్మకం. ఇది పూర్తిగా నిజం కాదు. ముసలివారి ఇళ్లలో ఉండే పాత నలుపు తెలుపు ఫొటోలను తీసుకోండి. పూర్వకాలపు ఫిల్ముల్లో ఒక రకం ఎరుపు రంగును గ్రహించలేకపోయేది. దానితో తీసిన ఫొటోలో తాంబూలం వేసుకున్న పెదవులు, ఎర్రని కుంకుమ బొట్టు కూడా నల్లగా పడేవి. అటు తరువాత స్టూడియోల్లో నెగెటివు మీద సన్నని పెన్సిలుతో దిద్దడం ఒక పనిగా ఉండేది. ముడతలు, మచ్చలు, కంటి కింద గుంటలు అక్కడే మాయమయ్యేవి. కొన్ని ఫొటోలకు చేత్తో రంగులు కూడా అద్దేవారు. కనుక పాత ఫొటోలో నునుపైన ముఖం కనబడినంత మాత్రాన ఆ మనిషి ముఖం నున్నగా ఉండేదని అర్థం కాదు.

రంగు ఫొటోలూ అంతే. నలభై ఏళ్ల నాటి రంగు ఫొటోలు చాలావరకు ఇప్పుడు ఎర్రబారి కనబడతాయి. అందులోని రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు. నీలివైపు రంగు ముందుగా వెలిస్తే మిగిలేది ఎరుపు. దానిని చూసి బొమ్మ వేస్తే ఇంటిల్లిపాదీ కుంకుమలో మునిగినట్టు వస్తారు.

సెల్‌ఫోను ఫొటోల సంగతి వేరే. ముఖానికి జానెడు దూరంలో ఫోను పెట్టి తీసుకుంటే ముక్కు పెద్దదై చెవులు వెనక్కు పోతాయి. తప్పు కెమెరాది కాదు, దూరానిది. నాలుగైదు అడుగుల దూరం నుంచి తీస్తే ముఖం సమంగా వస్తుంది. ఫ్లాషు వేస్తే ముఖం మీది నీడలన్నీ చెరిగిపోయి రొట్టెలా చదునుగా కనబడుతుంది. నీడ లేనిదే ముక్కు ఎత్తు, బుగ్గ గుంట తెలియవు. ఇక అందంగా చూపించే ఏర్పాటు ఒకటి ఫోనుల్లో ఉంటుంది. చాలామంది అది పనిచేస్తున్నదని కూడా గమనించరు. అది చర్మం మీది గీతలను నునుపు చేస్తుంది, రంగును తెల్లబరుస్తుంది. నాడు స్టూడియోలో పెన్సిలు చేసిన పనిని నేడు ఫోను అడగకుండానే చేసిపెడుతున్నది.

ఇందువల్ల ఫొటో చూసి బొమ్మ వేయరాదని కాదు. పోయినవారు తిరిగివచ్చి ఎదుట కూర్చోరు గనుక వారికి ఫొటోయే దిక్కు. ఫొటో చూసి వేసేది కళ కాదని తీసిపారేసేవారున్నారు. వారి వాదనలో బలం లేదు. రాజా రవివర్మ చిత్తరువులకు ఫొటోల సాయం తీసుకున్నవాడే. ఫ్రాన్సులో డెగా వంటి చిత్రకారుడూ ఫొటోను వాడుకున్నవాడే. అయితే వారు ఫొటోను సాక్షిగా వాడుకున్నారు, తీర్పు మాత్రం తామే చెప్పారు. సాక్షి చెప్పినదంతా నిజమని ఏ కోర్టూ నమ్మదు. మరికొందరు సాక్షులను పిలుస్తుంది. బొమ్మ వేసేవారు చేయవలసినదీ అదే.

ఆ సాక్షులు ఇంట్లోనే ఉంటారు. మామ్మ బొమ్మ వేసే పిల్ల ముందు అమ్మను అడగాలి, మేనత్తను అడగాలి, పక్కింటి ముసలమ్మను అడగాలి. ముక్కుపుడక ఏ వైపు ఉండేది? చెవులకు కమ్మలా, దుద్దులా? గడ్డం మీద పచ్చబొట్టు ఉండేదా? చివరి రోజుల్లో నుదుట బొట్టు ఉండేదా, లేదా? ఏ రంగు చీర ఎక్కువగా కట్టేది? రంగులో ఆవిడకు దగ్గరగా ఉండేది ఏ కొడుకు, ఏ మనవరాలు? ఆ మనవరాలిని ఉదయం పూట వీధి అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె చెంప పక్కన కాగితం పెట్టి రంగు సరిచూసుకుంటే ఏ ఫొటో చెప్పని సంగతి తెలుస్తుంది. ఇలా అడిగి వేసిన బొమ్మలో ఇంటిల్లిపాదికీ చెయ్యి ఉంటుంది.

రంగు కుదిరే విధానం

ముందు కొలతలు కుదరాలి. ఇందుకు పాతకాలపు గళ్ల పద్ధతి అన్నిటికంటే నమ్మకమైనది. ఫొటో నకలు మీద సమానమైన గళ్లు గీసి, కాగితం మీద అన్నే గళ్లు పెద్దవిగా గీసి, ఏ గడిలో ఏ గీత ఉన్నదో చూసి దించాలి. గళ్లు తేలికగా గీయాలి, లేకపోతే రంగు వేశాక కూడా కనబడతాయి. తల పైభాగం నుంచి గడ్డం దాకా చూస్తే కళ్లు దాదాపు సగం ఎత్తులో ఉంటాయి. కొత్తవారు నుదురు తగ్గించి కళ్లను పైకి నెట్టివేస్తారు. రెండు కళ్ల మధ్య దూరం సుమారు ఒక కన్ను వెడల్పు ఉంటుంది. అనుమానం వస్తే ఫొటోను, బొమ్మను కూడా తలకిందులు చేసి చూడాలి. ముఖమని మరచి గీతలను గీతలుగా చూసినప్పుడు తప్పు వెంటనే దొరుకుతుంది. గళ్లు కొన్నాళ్లు పట్టుకొని నడవడానికే. చెయ్యి కుదిరాక వాటిని తగ్గించుకుంటూ రావాలి.

తరువాత రంగు. చామనచాయ పెన్సిలు ఏ పెట్టెలోనూ దొరకదు. దాన్ని కాగితం మీద తయారుచేసుకోవాలి. పన్నెండు పెన్సిళ్ల పెట్టె కూడా ఇందుకు చాలును. పసుపు, నారింజ, ఎరుపు, గోధుమ, నీలం అనే అయిదింటితో ఈ ప్రాంతపు ముఖాలన్నీ వేయవచ్చు. ముందు పసుపు, దానిపై నారింజ పలుచగా ఊదినట్టు వేయాలి. పైన గోధుమ రంగు, ఎరుపు పొరలు పొరలుగా రావాలి. నీడ ఉన్నచోట నలుపు వాడరాదు. నలుపు వేస్తే ముఖానికి మసి పూసినట్టవుతుంది. నీలం పలుచగా వేసి, మళ్లీ దాని మీద గోధుమ రంగు వేస్తే జీవం ఉన్న నీడ వస్తుంది. కంటిపాపకు, జుట్టుకు కూడా ముదురు నీలం, గోధుమ కలిపిన నలుపు మంచిది. కొబ్బరినూనె రాసిన జుట్టు మీద వెలుగు పడినచోట నీలి మెరుపు ఉంటుంది. కావాలంటే బడికి బయలుదేరే ఏ ఆడపిల్ల జడనైనా ఎండలో చూడవచ్చు.

మొన ఎప్పుడూ సన్నగా ఉండాలి. చెయ్యి తేలికగా ఆడాలి. మొదటి పొరలోనే గట్టిగా అదిమితే కాగితం గరుకు మైనంతో నిండిపోతుంది. తరువాత వేసే రంగులు పట్టవు, జారిపోతాయి. ఆరేడు పొరలు పట్టాలంటే మొదటి నాలుగు పొరలు వేసీ వేయనట్టుండాలి. మెరుపు ఉండవలసిన చోట, అంటే ముక్కు కొన మీద, నుదుటి మీద, కంటిలోని వెలుగుచుక్కలో కాగితాన్ని ముందు నుంచే ఖాళీగా వదలాలి. ముదురు రంగు మీద తెల్ల పెన్సిలు రుద్దితే తెలుపు రాదు, మసక వస్తుంది.

కాగితం విషయంలో పిసినారితనం పనికిరాదు. నోటుపుస్తకం కాగితం నున్నగా, పలుచగా ఉంటుంది. రెండు పొరలకే చేతులెత్తేస్తుంది. కాస్త మందంగా, గరుకుగా ఉండే డ్రాయింగు షీటు కొనాలి. పెట్టె చిన్నదైనా ఫరవాలేదు గాని, కాగితం మంచిదై ఉండాలి. మైనపు పెన్సిళ్లతో ముదురుగా వేసిన చోట కొన్ని వారాలకు బూజు పట్టినట్టు తెల్లని పొర కనబడవచ్చు. అది బూజు కాదు, పైకి తేలిన మైనం. మెత్తని గుడ్డతో తేలికగా తుడిస్తే పోతుంది.

చౌకరకం పెన్సిళ్లలో గులాబీ, ఊదా రంగులు ఎండకు త్వరగా వెలుస్తాయి. ఏ పెన్సిలు నిలుస్తుందో తెలుసుకోవాలంటే ఒక కాగితం మీద అన్ని రంగులూ పట్టీలుగా వేసి, సగం అట్టతో కప్పి, రెండు మూడు నెలలు కిటికీ దగ్గర ఉంచి చూడాలి. కప్పిన సగానికి, కప్పని సగానికి తేడా ఎక్కువగా ఉన్న పెన్సిలును ముఖానికి వాడరాదు. పటం కట్టించేటప్పుడు బొమ్మ అద్దానికి అంటుకోకుండా మధ్యలో అట్ట చుట్టు వేయించాలి. నేరుగా ఎండ పడే గోడకు తగిలించరాదు.

"కొంచెం తెల్లగా వేయండి"

ఇంతా చేసి ఉన్న రంగు వేస్తే ఇంటివారు ఒప్పుకుంటారా అన్నది అసలు ప్రశ్న. బొమ్మలు వేసి సంపాదించుకునే యువకులకు ఈ బాధ బాగా తెలుసు. ఫొటో ఇచ్చి వెళ్లేటప్పుడు "కొంచెం తెల్లగా వేయండి" అని మెల్లిగా చెప్పేవారే ఎక్కువ. తెల్లగా వేస్తే డబ్బు వస్తుంది. ఉన్నట్టు వేస్తే బేరం పోతుందేమోనన్న భయం. నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్న పేదింటి కుర్రవాణ్ణి ఊరంతటి అభిప్రాయానికి ఎదురు నిలబడమనడం న్యాయం కాదు.

అయితే అడిగేవారు కోరేది నిజంగా తెలుపేనా అని ఆలోచించాలి. ముఖం కళగా ఉండాలని వారి కోరిక. కళ వేరు, తెలుపు వేరు. కళ వచ్చేది వెలుగు నీడల తేడా వల్ల. నల్లని ముఖం మీద నుదుటి వెలుగు, చెంప ఎముక మీది మెరుపు, కంటిలోని తడి ఎంతో స్పష్టంగా కనబడతాయి. అవి కుదిరితే ముఖం దీపం పెట్టినట్టు వెలుగుతుంది. గులాబీ రంగు ఒక్కటే పరిచిన ముఖంలో ఆ వెలుగుకు చోటు ఉండదు. వెనుక వేసే రంగు ముదురుదైతే ముఖం దానంతట అదే తేటగా కనబడుతుంది. చామనచాయ ముఖానికి వెనుక తెల్ల కాగితం వదిలేస్తే అది ఉన్నదానికంటే నల్లగా కనబడుతుంది. అప్పుడు ఇంటివారు "తెల్లగా వేయండి" అనడంలో ఆశ్చర్యం ఏమున్నది? లోపం ముఖం రంగులో లేదు, వెనుక రంగులో ఉన్నది.

కనుక బొమ్మ వేసేవారు వాదన పెట్టుకోనక్కరలేదు. పనితనంతో జవాబు చెప్పవచ్చు. చిన్న కాగితం మీద రెండు విధాలుగా వేసి చూపించవచ్చు. ఒకటి తెలుపు, ఒకటి ఉన్న రంగు, వెలుగుతో. ఏది మీ అమ్మగారు అని అడగవచ్చు. కన్నకొడుకు రెండో బొమ్మనే చూపిస్తాడనడానికి సందేహం అక్కరలేదు.

ఫోనులో మీట నొక్కితే క్షణంలో ఫొటోను రంగు పెన్సిలు బొమ్మలా మార్చే సాధనాలు వచ్చాయి గదా, ఇంత శ్రమ ఎందుకన్నది మరొక వాదన. ఆ సాధనానికి తెలిసినది ఫొటో మాత్రమే. మామ్మ గడ్డం మీది పచ్చబొట్టు ఫొటోలో పడకపోతే అది మేనత్తను అడగదు. ఫొటో తెల్లబరిస్తే అదీ తెల్లబరుస్తుంది. ఇంట్లో పది మందిని అడిగి, ఇరవై గంటలు కూర్చున్న పిల్లకు మిగిలే జ్ఞాపకం దానికి మిగలదు.

నేర్పేవారు ఊళ్లోనే ఉన్నారు

ఈ సంగతులు పిల్లలకు చెప్పవలసినది పాఠశాల. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, వంద మందికి మించి పిల్లలున్న పాఠశాలల్లో చిత్రలేఖనం వంటి కళల బోధనకు పార్ట్‌టైము బోధకులు ఉండాలని స్పష్టంగా ఉన్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలను తప్పనిసరి విషయంగా నేర్పాలని చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం స్థానిక కళాకారులను, చేతిపనివారిని బోధనకు పిలవాలన్నది. కాగితం మీద ఇంత ఉన్నా అనేకచోట్ల డ్రాయింగు పీరియడు పరీక్షలు దగ్గరపడగానే లెక్కల పీరియడుగా మారిపోవడం తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

ఒక ఉపాధ్యాయుని చూపు ఎంత పని చేయగలదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. రాజమహేంద్రవరంలో 1897లో పుట్టిన దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించినది అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి చదివాడు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచి వాతపడినా, ఆయన చిత్రాలతో వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరంలో ఉన్నది. ఈ జిల్లాల పాఠశాలలు విహారయాత్రలకు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు ఆ చిత్రశాలలో ఒక గంట ఆగితే చాలు. చిత్రకారులు ఈ నేల మనుషులను ఎలా చూశారో పిల్లలకు అర్థమవుతుంది. పోటీ పరీక్షల సరదాకు కాకుండా రంగు చూడడానికి తీసుకువెళ్లాలి.

బోధకులు దొరకరన్న సాకు కూడా చెల్లదు. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు ప్యాసై, వేసవి శిక్షణ కూడా పూర్తిచేసి, ఉద్యోగం రాక వేరే పనుల్లో ఉన్నవారు పల్లెల్లో ఉన్నారు. వారు కాక ఇంకొక వర్గం ఉన్నది. ఫ్లెక్సీలు రాకముందు ప్రతి మండల కేంద్రంలోనూ బోర్డులు రాసే ఆర్టిస్టులు ఉండేవారు. అరచేతిలో ఇమిడే ఫొటో చూసి గళ్లు కట్టి, నాయకుల ముఖాలను గోడంత పెద్దవిగా వేసినవారు. వారి పని యంత్రం తీసుకున్నది గాని, వారి కన్నును తీసుకోలేదు. నెలకు రెండు శనివారాలు అటువంటివారిని బడికి పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి పిల్లలకు గళ్ల పద్ధతి, రంగుల కలయిక నేర్పిస్తే ఇద్దరికీ మేలు జరుగుతుంది. మండల విద్యాశాఖాధికారులు, ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీలు ఈ విషయమై శ్రద్ధ తీసుకోవలసి ఉన్నది.

దాతలు కూడా ఒక మాట గమనించాలి. పుట్టినరోజుల పేర బడిపిల్లలకు పలకలు, పెన్నులు పంచేవారు ఎందరో ఉన్నారు. వారు గోధుమ రంగు పెన్సిళ్లు, మంచి డ్రాయింగు షీట్లు కొనిస్తే తరగతి అంతటికీ ఉపయోగపడతాయి. పెన్సిళ్ల కంపెనీలు కూడా చిన్న పెట్టెలో ఒక్క గోధుమ రంగుతో సరిపెట్టక, లేతది, ముదురుది రెండింటిని చేర్చడం అసాధ్యమేమీ కాదు. ఉపాధ్యాయులు ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటున్నది. తరగతిలో 'స్కిన్ కలరు' అనే మాట వినబడితే "ఎవరి స్కిన్?" అని ఒక్క ప్రశ్న వేయడం. పిల్లలు తమ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. మిగతా పాఠం ఆ చేతులే చెబుతాయి.

ఆ పదో తరగతి అమ్మాయి మొదటి బొమ్మ చింపివేయనక్కరలేదు. దాన్ని పక్కన పెట్టుకొని రెండోది మొదలుపెడితే చాలు. ఈసారి పసుపుతో మొదలుపెట్టి, నారింజ మీదుగా గోధుమలోకి దిగి, నీడల్లో నీలం దాచి, అమ్మను అడిగి అడిగి వేస్తే బొమ్మ కుదరడానికి మరో పది రోజులు పట్టవచ్చు. అయినా నష్టం లేదు. ఏడాది తిరిగేసరికి సంవత్సరీకం వస్తుంది. ఆనాడు గోడ మీది పటం ముందు నిలబడ్డ తల్లి "ఇది మీ మామ్మే" అనగలిగితే, ఆ పిల్ల చిత్రలేఖనం నేర్చుకున్నట్టే.